నా నవలా నాయకుడి సంతాప సభ

ఆదివారం, ఉదయం తొమ్మిదింబావు. చిత్తూరులో ఒక చిన్న కల్యాణ మండపం వాకిట్లో గంధం గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. సరిగ్గా ఆ నిమిషానికి మొదలైంది. వాన వచ్చే ముందు మబ్బయినా పడుతుంది, నాకు ఆ పాటి సూచన కూడా అందలేదు. మధ్యాహ్నం పన్నెండుకల్లా నా పరువు, నా పుస్తకం, రెండు గంగాళాల కేసరి, అన్నీ ఒకే తూముగుండా కొట్టుకుపోయాయి.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. చిన్నతనం. ఇప్పుడు డెబ్భై మూడు. కాస్త బుద్ధి వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

నేను ముప్పయ్యారేళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేశాను. ట్రంకు కాల్ కలపడం, మూడు నిమిషాలు కాగానే మధ్యలో గొంతు దూర్చి "టైమైంది" అనడం నా ఉద్యోగం. అవతల కొడుకు ఏడుస్తున్నా, ఇవతల తల్లి ఏడుస్తున్నా మూడు నిమిషాలంటే మూడు నిమిషాలే. రిటైరయ్యాక ఆ ఏడుపులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి ఒక నవల రాశాను. బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో చిత్తూరు ఆపరేటర్ అమ్మాయి ఒకతె, సరిహద్దు నుంచి తల్లికి ఫోన్ చేసే సైనికుడి గొంతును ప్రేమిస్తుంది. మొహం చూడదు. గొంతే. వారానికి మూడు నిమిషాలు. పేరు "మూడు నిమిషాల సైనికుడు". చివర్లో అతను చనిపోతాడు. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని రాని కాల్ కోసం కూర్చుని ఉంటుంది.

ఒక ప్రచురణకర్త, యుద్ధం బాగుంది, ప్రేమ తగ్గించమన్నాడు. ఇంకొకాయన, ప్రేమ బాగుంది, యుద్ధం తీసేయమన్నాడు. మూడో ఆయన ఏమీ అనలేదు, ఇంకా అనలేదు. సరే అని నేనే మూడు వందల ప్రతులు అచ్చు వేయించుకున్నాను. నా మొదటి పుస్తకం గతి నాకు తెలుసు. బంధువులకు ఊరికే పంచితే, మా ఆడబిడ్డ దాన్ని గ్రైండరు కదలకుండా దాని కాలి కింద పెట్టుకుంది. "నీ పుస్తకం శానా ఉపయోగపడతా ఉండాది వదినా" అని మెచ్చుకుంది కూడా. అందుకే ఈసారి నాకు ఒకటే కోరిక. నాకు తెలియని మనిషి ఒకడు, నా బలవంతం లేకుండా, నా పుస్తకం కొని చదవాలి.

దానికి దారి తిరుపతిలో పుస్తకాల కొట్టున్న చెంగల్రాయులు. ఆయన షరతు పెట్టాడు. "ఆవిష్కరణ సభకి నూరు మంది వస్తే రెండు వందల పుస్తకాలు నా కొట్లో పెట్టుకుంటానమ్మా. రాకుంటే నన్ను మళ్లీ అడగొద్దు." నా జన్మలో నేను పిలిస్తే నూరు మంది వచ్చిన సందర్భం లేదు. నా పెళ్లికే ఎనభై ఆరు మంది.

అందుకని ఫ్లెక్సీ వేయించాలని నిర్ణయించుకున్నాను. మా వైపు ఫ్లెక్సీ కట్టకుండా మనిషి పుట్టినా, ఎన్నికల్లో నిలబడినా, పోయినా ఎవరికీ తెలియదు. నవలానాయకుడికి నమూనా మా మణి బావ. మేనత్త కొడుకు. పలమనేరు దగ్గర పొలంలో ఇల్లు, రెండు ఆవులు. వయసులో సైన్యంలో పనిచేశాడు. యూనిఫారంలో ఉన్న ఆ పాత ఫొటో అడిగితే బావ మారుమాట లేకుండా ఇచ్చాడు. పేరు కూడా వాడుకోవచ్చా అంటే, "వాడుకోమే రాజీ, ఎవురు సదవతారులే" అన్నాడు. ఇదీ మా ఇంటి ప్రోత్సాహం.

శుక్రవారం ఖాదర్ బాషా ఫ్లెక్సీ కొట్లో కూర్చుని మాటలు నేనే చెప్పాను. పైన పెద్దక్షరాల్లో "వీర జవాను మణి". ఫొటో కింద, "నీ గొంతు ఇక వినిపించదు. నీ జ్ఞాపకం చెరగదు." దాని కింద సభ వేళ, చోటు, "అందరూ తప్పక రావాలి", చివర నా పేరు. ఒక్క అక్షరం తప్పు పోకుండా మూడుసార్లు దిద్దాను. ఒత్తులు లెక్కపెట్టాను.

"కింద శానా ఎడం ఉండాదమ్మా, ఇంకేమన్నా ఏసేదా?" అని అడిగాడు ఖాదర్.

"వద్దు నాయనా. అన్నీ చెప్పేస్తే జనానికి ఆసక్తి ఉండదు."

అతను నా వైపు జాలిగా చూసి, అటొక దీపం, ఇటొక దీపం తన తరఫున వేశాడు. కూలిలో సగం తగ్గించాడు. తెలుగు సాహిత్యం మీద ఇంత అభిమానమున్న కుర్రవాళ్లు ఇంకా ఉన్నారా అని నేను బయటికొచ్చి కళ్లు తుడుచుకున్నాను. నన్ను చూసి అతనూ తుడుచుకున్నాడు.

మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. మూడుసార్లు దిద్దిన ఆ ఫ్లెక్సీ మీద "నవల" అన్న మాట ఎక్కడా లేదు.

శనివారం సాయంత్రం చిత్తూరులో ఒకటి, పలమనేరులో ఒకటి కట్టారు. ఇక ఆదివారం తొమ్మిదింబావుకి వద్దాం.

ఆటో దిగిన ఒక ముసలమ్మ నేరుగా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. గంధం గిన్నె ఒలికిపోయింది. "ఎంత పని జరిగిపాయ తల్లీ. ఆ బోర్డు సూసినప్పట్నించీ గుండె నిలవలా" అని ఏడ్చింది.

నా రెండు వాక్యాలకే ఇంత బలమా అని ఒళ్లు పులకరించింది. "నాకూ మనసు రాలేదమ్మా, కానీ తప్పలేదు" అన్నాను.

"నీ సేతిలో ఏముండాది తల్లీ. అంతా పైవాడు రాసింది."

"రాసింది నేనేనమ్మా" అన్నాను, కొంచెం నొచ్చుకుని.

ఆమె నన్ను వింతగా చూసి, దుఃఖంలో మతి చలించిందనుకుందో ఏమో, తల నిమిరి లోపలికి వెళ్లింది. ఆ వెనకే జనం. తొమ్మిదిన్నరకు కుర్చీలు నిండాయి. ఒక వ్యానులో మాజీ సైనికులు పతకాలు పెట్టుకుని దిగి, వేదిక మీద నేను అందంగా నిలబెట్టిన బావ ఫొటోకి సెల్యూట్ చేశారు. దండ మీద దండ పడి ఫొటోలో మీసం వరకూ మునిగింది. నేను ఇంకా మురిసిపోతూనే ఉన్నాను. దేశభక్తి అనుకున్నాను.

నా కళ్లు తెరిపించింది కేసరి. టెలిఫోన్ రోజుల నుంచి నా స్నేహితురాలు సరోజ పళ్లెంలో కేసరి పెట్టి తిప్పుతోంది. ఎవరూ ముట్టడం లేదు. పాము పడగ ఎత్తినట్టు దాన్ని చూసి కాళ్లు ముడుచుకుంటున్నారు. రెండు రోజులుగా ఊరికి పోకుండా చిత్తూరు సంతలోనే ఉన్న బావ పక్క పొలం మునెప్ప మాత్రం లేచి నా దగ్గరికి వచ్చాడు. "తీపి పంచే మనసెట్ల వచ్చెనక్కా నీకు? మాకొక మాట సెప్పకుండా కానిచ్చేస్తిరే. ఆఖరి సూపు గూడా లేకపాయ."

"ఎవరిని కానిచ్చేశాం?"

"మణన్నని."

నా చెవుల్లో ఎక్స్ఛేంజిలో లైను తెగినప్పుడు వచ్చే కుయ్యిమనే మోత మొదలైంది. బావకు ఫోన్ చేద్దామంటే, ఆయన ఫోను వారం కిందటే పాల క్యానులో పడి చచ్చింది. ఇల్లేమో ఊరికి దూరంగా పొలంలో. అందుకే ఊళ్లోవాళ్లకూ నిజం తెలుసుకునే దారి లేకపోయింది. బావ భార్యేమో మనవరాలి కాన్పుకని బెంగళూరులో ఉంది. మణి బావేమో పాలు పిండి, పోసి, బస్సెక్కి పదిన్నరకు ఇక్కడ దిగుతాడు. ఎందుకంటే ఈ సభకు ముఖ్య అతిథి ఆయనే. దీపం వెలిగించాల్సింది ఆయనే.

సరోజను స్తంభం చాటుకు లాగి చెప్పాను. ఆమె పళ్లెం కింద పెట్టి, "మైకు తీసుకోని ఇప్పుడే సెప్పేయక్కా" అంది.

చెప్పేదాన్నే. ఒట్టు. సరిగ్గా అప్పుడే చెంగల్రాయులు లోపలికొచ్చాడు. నిండిన కుర్చీలు, గోడల వెంట నిలబడ్డ జనం, కన్నీళ్లు, అన్నీ చూసి నా చేతులు పట్టుకున్నాడు. "నలభై ఏండ్లుగా ఈ యాపారంలో ఉండానమ్మా. పుస్తకం కోసం ఇంతమంది ఏడ్చింది సూళ్లా. రెండు వందలు గాదు, మొత్తం ఇయ్యి. సభ అయిపోతానే బండికెక్కిస్తా."

సభ అయిపోగానే. నేను గడియారం చూశాను. పదీ అయిదు. బావ దిగడానికి ఇరవై అయిదు నిమిషాలు. ఈలోగా సంతాపం ముగించి, పుస్తకాలు బండికెక్కించి, జనాన్ని పంపేస్తే బావకు తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు. బతికున్న మనిషికి ఇరవై అయిదు నిమిషాలు నివాళి అర్పిస్తే నష్టమేముంది? ఇదీ ఆనాటి నా లెక్క. సరోజను బస్టాండుకు తరిమాను, బావను కాఫీకి కూర్చోబెట్టమని.

మైకు మాజీ సైనికుల పెద్ద చేతికిచ్చి, రెండు నిమిషాలే అని బతిమాలాను. ఆయన పన్నెండు నిమిషాలు తీసుకున్నాడు. తర్వాత, ఒకప్పుడు పలమనేరులో పాల కేంద్రం నడిపి ఇప్పుడు చిత్తూరులో ఉంటున్న ఆయన. మణన్న పాలలో నీళ్లు కలిపేమాట నిజమే గానీ, కలిపేది మంచి బావి నీళ్లేనని గద్గద స్వరంతో చెప్పాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. ముప్పయ్యారేళ్లు మూడు నిమిషాలకు ఎంతమంది గొంతులో కోసేశాను. ఇవాళ ఒక్కడి గొంతూ ఆపలేకపోతున్నాను.

పదిన్నర దాటింది. వాకిలి వైపు చూశాను. సరోజ రాలేదు. ఊపిరి పీల్చుకుని వెనక వరుస వైపు చూశాను. కొసన ఒక కోతి టోపీ, ఒక శాలువా. పలమనేరు చలికి తప్ప ఇక్కడ ఎవరూ అలా చుట్టుకోరు. టోపీ సందులోంచి రెండు కళ్లు నన్నే చూస్తున్నాయి.

బస్టాండుకు ముందే, ఫ్లెక్సీ దగ్గర బస్సు మెల్లగా పోతుంటే, కిటికీలోంచి తన మొహం తనకే కనబడి అక్కడే దిగిపోయాడట. పూర్తిగా చదువుకుని నడిచి వచ్చాడట. ఇవన్నీ తర్వాత తెలిసినవి. అప్పుడు మాత్రం నేను మైకులో మాట్లాడుతున్నాయన వెనక సగం దాక్కున్నాను. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని చూస్తున్నాను. లేవడే. చేతులు కట్టుకుని, కాస్త ముందుకు వంగి, ఒక్కొక్క మాటా వింటున్నాడు. బతికుండగా ఆయన్ని ఎవరూ ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. మనిషి హాయిగా కూర్చున్నాడు. బావి నీళ్ల మాట మళ్లీ వచ్చినప్పుడు మాత్రం టోపీ ఒకసారి అటూ ఇటూ కదిలింది.

దేవుడు కరుణించాడు, ఇక ముగిద్దాం అని మైకు అందుకోబోయాను. మునెప్ప నాకంటే ముందు అందుకున్నాడు.

"మణన్నా నేనూ ఒగే గట్టు మనుషులం. పోయే ముందు నా సెయ్యి పట్టుకోని ఒగ మాట ఇచ్చినాడు. తన ఎర్రావు నాకే సెందాలని..."

వెనక కుర్చీ పడ్డ చప్పుడు.

"ఏరా మునెప్పా" అంది కోతి టోపీ. "యాపొద్దు సెప్పినా నీకు?"

బావ టోపీ తీశాడు. తొమ్మిదింబావు ముసలమ్మ గుండె పట్టుకుని పక్కవాళ్ల మీదికి వాలిపోయింది. మునెప్ప మైకు వదిలేసి ఫొటో వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఆ చూపులు చూస్తే సరిహద్దులో ఆ యుద్ధమే నయమనిపించింది. తలస్నానం చేసి కొండకు పోవాల్సినవాళ్లు మైలని ఆగిపోయారట. ఎవరో సెలవు పెట్టారట. మాజీ సైనికుల పెద్ద పిడికిలి బిగించి మెట్లెక్కుతున్నాడు. "నవల" అందామని నోరు తెరిచాను. ఆ గోలలో నా మాట నాకే వినబడలేదు.

బావ దారి చేసుకుంటూ వేదికెక్కాడు. తన ఫొటో మీంచి ఒక దండ తీసి పక్కన పెట్టి, మైకు పట్టుకున్నాడు.

"కూసోండప్పా. ఎవురూ ఆయమ్మి మీదికి పోవద్దు. నేను సావలా. ఆయమ్మి నన్ను కాయితం మీద సంపింది. ఎట్ల సంపిందో సెప్తా ఇనండి."

చెప్పాడు. మొదటి పేజీ నుంచి. ఎవరు చదువుతారులే అన్న మనిషి, నేను చూసిపెట్టమని పంపిన రాతప్రతిని రెండుసార్లు చదివాడని అప్పుడే తెలిసింది. ఆపరేటర్ అమ్మాయి గొంతు, సైనికుడి గొంతు, మధ్యలో "టైమైంది" అనే పై అధికారి గొంతు, అన్నీ ఆయనే. నేను పదిహేడు పేజీలు తీసుకున్న చోటును ఆయన ఒక దగ్గుతో దాటించాడు. అతను చనిపోయాక ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునే చోటుకు వచ్చేసరికి బావ మైకును చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. మండపమంతా ఏడ్చింది. మునెప్ప కూడా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నేను అంత బాగా రాయలేదని.

చప్పట్లు కొట్టారు. ముసలమ్మ నా తల మళ్లీ నిమిరి, మంచి కథ తల్లీ అంది. అందరూ చెప్పులేసుకుని వెళ్లిపోయారు. బల్ల మీద మూడు వందల పుస్తకాలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

చెంగల్రాయులు ఒక పుస్తకం తీసి, అట్ట చూసి, మళ్లీ ఉన్న చోటే పెట్టాడు.

"మీరు మొత్తం తీసుకుంటానన్నారు" అన్నాను.

"అన్నానమ్మా. ఊరూరూ వచ్చి మీ హీరోకి సంతాపం చెప్పి, కథంతా ఇనేసి, ఇంటికి పోయి స్నానం గూడా చేస్తారు. ఇంక ఆ పుస్తకం కొనేదెవురు?"

ఆ పూటే బావ ఫొటో సాక్షిగా, మిగిలిన ముప్పై తొమ్మిది దండల సాక్షిగా శపథం చేశాను. నేను ఇకపై రాసే ఏ నవలలోనూ నాయకుడికి జలుబు కూడా చేయదు. నాయిక అత్తగారు సైతం నూరేళ్లు బతుకుతుంది. ఒకవేళ కథ నన్ను మించిపోయి ఎవరినైనా చంపాల్సి వస్తే, ఫ్లెక్సీ మాత్రం కట్టించను. కట్టించినా, దాని మీద అన్నిటికంటే ముందు "నవల" అని రాయించి, తర్వాతే ఒత్తులు లెక్కపెడతాను.

ఇక నష్టం లెక్క. అచ్చయిన ప్రతులు మూడు వందలు. అమ్ముడుపోయింది ఒకటి, కొన్నది నాయకుడే. గంధం గిన్నె ఒకటి, సొట్టపోయింది. కేసరి రెండు గంగాళాలు, బావ ఆవులు కూడా ముట్టలేదు. మునెప్పకూ బావకూ ముప్పయ్యేళ్ల స్నేహం, ఎర్రావు దగ్గర తెగింది. ప్రాణనష్టం ఒకటి, రెండు వందల పద్నాలుగో పేజీలో.