నీలం దారం చుట్టిన కీబోర్డు వైరు

మా వాడకట్టుల ఎవరికన్న గాలి సోకిందంటె, ముందుగాల దవాఖానకు నడువుండ్రి అని కొట్లాడేటోణ్ణి నేను. దయ్యాలు, పీడలు అంటె నవ్వొచ్చేది. ఇప్పటికి గూడ నమ్ముత అని చెప్పలేను. కని మా అర్రల జరిగినదాన్ని అబద్ధం అననీకి మాత్రం నోరు రాదు. చూసింది నేనొక్కణ్ణే గాదు.

తొంభైల మొదట్ల ముచ్చట. సిద్దిపేటల నేను టైపు నేర్పేటోణ్ణి. నా సోపతి ఖలీల్ రేడియోలు, టీవీలు బాగు చేసేటోడు. దుబాయి పోనీకి పాస్‌పోర్టు తీసుకొని తయారుగ ఉండె. వాళ్ళ అమ్మీకి అది ఇష్టం లేదు. పెద్దకొడుకు పోయి మళ్ళ రాలే, వీడు గూడ పోతె ఎట్ల అని ఆమె బాధ.

"కంప్యూటర్ క్లాసులు పెడదాం. నువ్వు నేర్పు, నేను మిషను చూసుకుంట. నడిస్తె దుబాయి పోను" అన్నడు ఖలీల్. బస్టాండు దగ్గర మేడ మీద ఒక అర్ర కిరాయికి తీసుకున్నం.

మిషను కోహెడల దొరికింది. అక్కడ యాదగిరి సారు అని ఒకాయన, పట్నంల ఏదో ఆఫీసు తీసేసిన పాత కంప్యూటరును ఇంటికి తెచ్చుకున్నడట. ఆయన చనిపోయినంక ఇంటోళ్ళు అమ్మిన్రు. ఆయన బామ్మర్ది మల్లేశం సిద్దిపేటల బట్టల దుకాణంల పని చేస్తుండె. ఆయననే ఆటోల ఏసుకొచ్చి దించిపోయిండు. మేం కోహెడకు పోలే. సారు భార్యను గాని, బిడ్డను గాని అప్పటిదాంక చూడలే.

అన్నీ ఉన్నయి గని కీబోర్డును డబ్బాకు కలిపే వైరు లేదు. ఇప్పటి కీబోర్డులకు వైరు దానికే అతికి ఉంటది. దీనికి అట్ల గాదు. రెండు దిక్కుల చిన్న తొర్రలు, టెలిఫోన్ రిసీవర్ వైరు పట్టే అసోంటియి.

ఖలీల్ టెలిఫోన్ వైరే తెచ్చి పెట్టిండు. టక్కున కూసున్నది. కని ఎన్ని మీటలు కొట్టినా తెర మీద ఒక్క అక్షరం రాలే. కాసేపటికి కీబోర్డు అడుగు వెచ్చగయింది. గాబరపడి పీకేసిండు. మీటరు పెట్టి చూస్తె, ఆ వైరుల లోపటి తీగలు ఈ కొసకు ఒక తీరు, ఆ కొసకు తిరగబడి ఉన్నయి. పైకి చూస్తె ఏం తెల్వది.

పట్నం పోయి కోఠిల తిరిగినం. "దీని వైరే కావాలె. వేరేది పెడితె లోపల కాలిపోతది" అన్నడు ఒక దుకాణపాయన. సొంతంగ చేద్దమంటె ఏ తీగల ఏం పారుతదో తెల్వదు. మల్లేశంను అడిగితె, "అక్కను అడిగిన, లేదన్నది" అన్నడు.

పేర్లు ఇచ్చిన పిల్లలు రోజు వచ్చి పోతుండ్రి. దుబాయి ఏజెంటు రమ్మంటుండె. ఖలీల్ మాటలు తక్కువైనయి.

ఒకరోజు పగటీలి, మంచి ఎండల, ఒకామె మెట్లెక్కి వచ్చింది. నలభై ఏండ్లు ఉంటయేమో. గడ్డం మీద పచ్చబొట్టు, ఎడమ చెవి తమ్మె తెగి ఉంది.

"తమ్మీ, కోహెడ మిషను గీడనే ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది అక్కా, రాండ్రి" అని ఖలీల్ స్టూలు ఏసిండు.

ఆమె కూసొని సంచిలకెళ్ళి నల్లటి చుట్టల వైరు తీసింది. ఒక కొస పగిలినట్టున్నది, అక్కడ నీలం దారం దగ్గర దగ్గరగ చుట్టి ఉంది. "మీరు అడిగింది గిదేనా?" అన్నది.

ఖలీల్ తొందరపడలే. మీటరు పెట్టి ఒక్కొక్క తీగ చూసిండు. అన్నీ సక్కగ ఉన్నయి. అప్పుడు పెట్టిండు. నేను నా పేరు కొట్టిన. అక్షరం ఎనుక అక్షరం తెర మీదికి వచ్చింది.

"పలుకుతున్నదా?" అన్నది ఆమె.

"పలుకుతున్నది అక్కా."

సరే మరి అని లేచింది. బస్టాండు దాంక సైకిలు మీద దించుత అని ఖలీల్ అంటె, దగ్గరనే గద అన్నది. ఆమె రోడ్డు దాటి పోవుడు నేను కిటికీల నుంచి చూసిన. మాయమైందని, గాలిల కలిసిందని చెప్పను. మనుషులు ఎట్ల పోతరో అట్లనే పోయింది.

ఉంచుకొమ్మని ఇచ్చిందో, చూడుమని ఇచ్చిందో చెప్పలే. సారు భార్యనే అయి ఉంటదని అనుకున్నం. అడిగి, దండం పెట్టి వద్దమని ఆ ఐతారం పండ్లు కొనుక్కొని కోహెడ బస్సెక్కినం. వైరు ఖలీల్ సంచిల ఉంది.

సారు బిడ్డ తలుపు తీసింది. లోపల నులక మంచం మీద మాకు వైరు ఇచ్చినామెనే పండుకొని ఉంది. అదే పచ్చబొట్టు, అదే చెవి. కుడికాలు మోకాలు పైదాంక సిమెంటు పట్టి.

"అయ్యో, కాలికి ఏమైంది అక్కా? మొన్ననే గద వచ్చిన్రు" అన్నడు ఖలీల్.

"నేను ఏడికి వచ్చిన? ఎవరు తమ్మీ మీరు?" అన్నది ఆమె.

మేం మల్లేశం పేరు చెప్పినం, మిషను సంగతి చెప్పినం. బిడ్డ మా దిక్కు అనుమానంగ చూసింది. బాయి కాడ జారి పడ్డదట. పోయిన నెల నుంచి మంచం దిగలేదట. "దొడ్డికి గూడ నేనే ఎత్తుకపోతున్న" అన్నది.

ఖలీల్ సంచిలకెళ్ళి వైరు తీసి మంచం మీద పెట్టిండు.

బిడ్డ రెండడుగులు ఎనుకకు జరిగింది. "ఇది కాలిపోయింది గద అమ్మా. నువ్వే పొయిల పెట్టినవ్ గద" అన్నది. ఆ కమురు వాసనకు ఆ పొద్దు తనకు బువ్వ గూడ సయించలేదని మాకు చెప్పింది.

తల్లి, రాజమణి ఆమె పేరు, వైరు చేతిల పట్టుకొని దారం మీద వేలు పెట్టి చూసింది. "మా నాయిన మగ్గం దారం ఇది. వైరు పగిలిందంటె నేనే చుట్టిచ్చిన. ముడి గూడ నాదే" అన్నది. సారు ఆ మిషను ముందట కూసొనే పానం ఇడిసిండట. తిననీకి లేవయ్యా అని పిలువనీకి పోతె తల వాలిపోయి ఉన్నదట. ఆ కోపానికి చేతికి అందిన వైరు పీకి పొయిల ఏసిందట.

అటెన్క ఆమె నన్ను అడిగింది, "వచ్చినామె మంచిగ నడిచిందా తమ్మీ?"

"మంచిగనే నడిచింది."

"మెట్లు ఎక్కిందా?"

"ఎక్కింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "కాలవెట్టినంక శాన సార్లు అనుకున్న. ఉంచితె బాగుండు, ఆయన మిషను ఒక్కసారి నడువంగ చూద్దును అని. ఈ బిడ్డకు గూడ చెప్పలే" అన్నది. వైరు మాత్రం ఉంచుకోలే. తీసుకపోయి పెట్టుకోండ్రి అన్నది.

వాపసు బస్సుల సంచి మా ఇద్దరి నడుమ సీటు మీద ఉంది. ఒళ్ళె పెట్టుకొనీకి ఇద్దరికీ మనసు రాలే. ఖలీల్ సిద్దిపేట వచ్చేదాంక లోపల్లోపల ఏదో దువా చదువుకుంటనే ఉన్నడు.

క్లాసులు నడిచినయి. ఖలీల్ దుబాయి పోలే. ఆ వైరు ఒక్కనాడు సతాయించలే. అయినా పొద్దుగాల ఖలీల్ వచ్చేదాంక నేను మిషను పెట్టకపోయేటోణ్ణి.

మల్లేశంను ఎన్ని తీర్ల అడిగిన్నో. ఆ పోలికల ఇంకొక అక్కనో, చిన్నమ్మ బిడ్డనో ఉన్నదా అని. మాకు అక్క ఒక్కతే అన్నడు. కాలింది వేరే వైరేమో అనుకున్న. మరి ఆ ముడి? మమ్ముల ఎవరో ఆట పట్టించిన్రేమో అనుకున్న. ఎవరికి ఏం పని?

చచ్చినోళ్ళు వచ్చిన్రంటె నమ్మినా నమ్మకున్నా దానికి ఒక పేరున్నది. బతికున్న మనిషి, మంచంల కదల్లేని మనిషి, తనకే తెల్వకుంట మా మెట్లెక్కి వచ్చి స్టూలు మీద కూసున్నది. దాన్ని ఏమంటరో నాకు ఇప్పటికీ తెల్వది. అడుగుదమంటె ఎవరిని అడగాల్నో గూడ తెల్వది.