కుళాయి తాతగారి సంతాప తీర్మానం

ఆ రోజుల్లో మునిసిపల్ గుమాస్తా అంటే ఊరి చావుపుట్టుకలు తన చేతి మీదుగానే జరుగుతాయనుకునేవాణ్ణి. నందిగామకీ జగ్గయ్యపేటకీ నడుమ ఒక ఊళ్లో (పేరు చెబితే ఇప్పటికీ నన్ను బస్సు దిగనివ్వరు) కొత్తగా చేరిన నాకు, కౌన్సిల్ సమావేశం మొదట్లో చదివే సంతాప తీర్మానాలు రాసే పని అప్పగించారు. నా కలానికి వచ్చింది ఒకటే వాక్యం: ‘వీరి మరణం పట్టణానికి తీరని లోటు.’ ఆ లెక్కన మా ఊరి లోట్లు రోడ్డు మీద గోతుల్ని మించిపోయాయి (గోతులనైనా ఎన్నికల ముందు పూడ్చేవారు).

ఒక మధ్యాహ్నం ఓ మాజీ కౌన్సిలర్ కబురు పంపారు. పోట్లాడి తన వీధికి కుళాయి తెప్పించినందుకు ఊరంతా ఆయన్ని కుళాయి తాతగారనేది. మంచాన పడ్డారు. ఆయన దగ్గితే గోడ మీది క్యాలెండరు నెల ముందుకు తిరిగేది. తన తీర్మానం బతికుండగానే వినాలన్నారు. అక్కడే రాసి చదివాను.

“తీరని లోటేంటయ్యా? పోయినేడు మా పక్కింటోడికీ అదే రాశావు. వాడు పోయాక గదా వీధంతా హాయిగా నిద్రపోయింది. కుళాయి నేను తెప్పించానని రాయి. కౌన్సిల్లో అందరూ వినేట్టు చదువు. చాలు.”

“అట్టాగేనండీ తాతగారూ. మీకింకా చాలా టైముంది.”

“నాకుంటే ఉంటదిలే. మీ మీటింగుకే ఉండదు.”

ఆ చలికాలమే పోయారు. తర్వాతి సమావేశంలో, కోదాడ దాకా వినబడేలా గొంతు సవరించుకుని లేచాను. అప్పటికే చెత్తబండి ముందు ఏ వీధికి రావాలన్న దాని మీద కురుక్షేత్రం మొదలైంది (కుర్చీలే గదలు). సగంమంది వాకౌట్ చేశారు. కోరం లేదని ఛైర్మన్ గారు వాయిదా వేశారు. మళ్లీ సమావేశం జరిగేసరికి కొత్తగా పోయినవాళ్లే బోలెడుమంది, పాత చావులెందుకన్నారు.

ఆ సాయంత్రం కాగితం జేబులో పెట్టుకుని ఆయన వీధికి వెళ్లాను. బిందెలు బారులు తీరాయి, నీళ్లింకా వదల్లేదు. అక్కడే నిలబడి మొత్తం చదివేశాను. “మంచాన పడేదాకా ఆయనే తిప్పేవాడయ్యా ఈ కుళాయి, ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చేవాడా?” అంది ఒక ముసలామె. ఆ పైన ఎవరూ మాట్లాడలేదు. సంతాపమో, నీళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించడమో గానీ, కౌన్సిల్లో నేనెన్నడూ చూడనంత మౌనం. చివరికి కుళాయి బుస్సుమంది, అందరూ బిందెల మీద పడ్డారు.

ఇప్పుడు ఇంటింటికీ కుళాయిలొచ్చాయి. వీధి కుళాయి తుప్పు పట్టింది. అటు వెళ్లినప్పుడల్లా ఒకసారి తిప్పి చూస్తాను. చుక్క రాదు. ‘తీరని లోటు’ అని నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. ఆ గుమాస్తా ఈ వయసుకీ రెండో వాక్యం నేర్చుకోలేదు మరి.