బాబా తుపాకీకి నేను చేసిన ఆయుధపూజ

తుపాకీ పేలితే ఒక్కసారే చప్పుడవుతుంది. నా చేతిలో పడిన తుపాకీ పేలలేదు, కనీసం పెట్టెలోంచి బయటికి కూడా రాలేదు. అయినా దాని దెబ్బకు ఒక లారీ ఆగింది, ఒక పోలీసు బండి పరిగెత్తింది, ఒక పెద్దమనిషికి శుక్రవారం నమాజు తప్పింది. నా ఉద్యోగమూ పోవాల్సిందే. ఎట్లా మిగిలిందో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకైతే నవ్వు రావడానికి రెండేళ్లు పట్టింది.

కరోనా కొంచెం నెమ్మదించిన ఏడాది. నేను అల్ ఐన్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్‌ని. మా కఫీల్‌ని, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని, ఇంట్లో అందరం బాబా అనేవాళ్లం. అరవై దాటిన మనిషి, గొంతు పెంచడం తెలియదు. ఆ ఏడు ఆయన కాపురం రాస్ అల్ ఖైమాకు మారుస్తున్నాడు. మనకు రాష్ట్రం మారడం ఎట్లాగో అక్కడ ఎమిరేటు మారడం అట్లాగన్నమాట. సోఫాలు, పరుపులు, ఫ్రిజ్ అన్నీ లారీలో పోతాయి. ఒక్కటి మాత్రం పోదు. అది వాళ్ల నాన్న నుంచి వచ్చిన వేట తుపాకీ.

ముందురోజే బాబా అరబీ కలిపిన హిందీలో నాకు పాఠం చెప్పాడు. "మల్లేష్, తుపాకీ నా కారులో, నాతోనే వస్తుంది. ఖాళీ చేసి పెట్టెలో పెట్టి తాళం వేశాను. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం. లైసెన్సు, తాళంచెవులు నా జేబులో. రేపు పొద్దున పెట్టె ఇస్తాను. నేరుగా కారులో పెట్టు. మధ్యలో ఎక్కడా దించకు."

ఇంత విడమర్చి చెప్తే మేకపిల్ల కూడా తప్పు చేయదు. కానీ మర్నాడు దసరా.

మా జగిత్యాల వైపు దసరా అంటే ఇంట్లో నాగలి, కొడవలి, సైకిలు, చివరికి కత్తిపీట కూడా బొట్టు పెట్టించుకుని కూర్చుంటాయి. ఆరేళ్లుగా నేను ఆ దేశంలో కారు టైరు కింద నిమ్మకాయ పెట్టి పండగ అయిందనిపించేవాణ్ని. అట్లాంటిది పండగనాడే అసలు సిసలు ఆయుధం నా రెండు చేతుల్లోకి వచ్చింది. పూజ చేయకుండా ఎట్లా ఉంటాను? నాన్నకు ఫోన్ చేశాను.

"అరే బిడ్డా, ఇయ్యాల శుక్కురారం. పదిన్నర సంది పన్నెండు దాంక రాహుకాలం. అప్పట్ల ఆయుధం బయటెల్లనియ్యద్దు."

"బాపూ, మన టైమా, దుబాయ్ టైమా?"

"రాహువుకు దేశాలున్నయిరా? నువ్వు యాడుంటే ఆడి టైమే!"

గడియారం చూస్తే పదిన్నర దాటింది. అంటే పన్నెండు దాకా తుపాకీ బండెక్కకూడదు. కారులో పెట్టి అక్కడే దండం పెట్టుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగడానికి ఆ రోజు మీరు అక్కడ లేరు. పెట్టెను స్టోరు గదిలో దించాను. మూతకు పసుపు రాసి, అయిదు కుంకుమ బొట్లు పెట్టి, మీద నిమ్మకాయ నిలబెట్టాను. దారిన పోయేవాళ్ల కంటపడితే ప్రమాదమని, భద్రత కోసం, దుప్పటి చుట్టాను. ఆ భద్రత సంగతి ముందుముందు తెలుస్తుంది.

అంతలో హాల్లోంచి బాబా, "మల్లేష్, పెట్టె కారులో పెట్టావా?"

"ఖలాస్ బాబా!" అన్నాను.

ఖలాస్ అంటే అయిపోయింది అని. గల్ఫులో మనవాళ్లు మొదట నేర్చుకునే మాట అదే. పని అయ్యాకా అంటాం, మొదలుపెట్టకముందూ అంటాం. అడిగినవాడి మనసు చల్లబడుతుంది, మనం తర్వాత తీరిగ్గా చేసుకుంటాం. పెట్టెకు తాళం ఉంది, తుపాకీకి లైసెన్సు ఉంది, ఈ మల్లేశం నోట్లో శని ఉంది.

కొబ్బరికాయ కోసం కొట్టుకు పోయి గంటకు వచ్చాను. స్టోరు గది ఊడ్చినట్టుంది. నేల మీద చిటికెడు కుంకుమ తప్ప ఏమీ లేదు. వాకిట్లో సామాను లారీ లేదు; దుప్పట్ల మూటనుకుని పెట్టెనూ ఎక్కించుకుపోయినట్టున్నారు.

లారీ నడిపే పఠాన్ గుల్ ఖాన్‌కు ఫోన్ చేశాను.

"భాయ్, దుప్పట్లు ఎక్కడున్నయ్?"

"సబ్ నీచే హై. అన్నిటికన్నా కింద. మీద పరుపులు, వాటి మీద సోఫాలు. ఏం భాయ్, చలేస్తోందా?"

బయట ఎండకు కాకులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఫోన్ పెట్టేశాను.

వంటింట్లో మరియమ్మక్క ఉంది. రాజోలు దగ్గరి మనిషి, ఆ ఇంట్లో పదేళ్లుగా వంట చేస్తోంది. సంగతి విని గరిటె కింద పెట్టేసింది.

"అక్కా, బాబాకు జెప్పకు. నేనే కారేస్కొని ఉరికి, లారీ ఆపి పెట్టె పట్కొస్త."

"నీకేవన్నా మతి పోయిందా తమ్ముడూ? ఆ పెట్టి ఆయన సేతిలో ఉంటే సామాను. నీ సేతిలో ఉంటే దొంగతనం."

"జెప్తె నా వీసా ఖతమక్కా!"

"నీ వీసా సంగతి సరే. ఆ పఠానుకి బండిలో ఏవుందో తెలీదు కదా? దారిలో పోలీసులు ఆపి సూత్తే ఆడి గతేంటి? ఆడికీ పిల్లలున్నారు."

అప్పటిదాకా నా భయమంతా నా చుట్టూనే తిరిగింది. గుల్ ఖాన్ నాకు గుర్తే రాలేదు. ఆ మాట రాసుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కొబ్బరికాయ అక్కడే వదిలేసి బాబా దగ్గరికి పోయాను.

బాబా మసీదుకు చెప్పులు వేసుకుంటున్నాడు. అంతా చెప్పాను, రాహువుతో సహా. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ముందు గుల్ ఖాన్‌కు ఫోన్ చేసి, వచ్చే పెట్రోలు బంకులో ఆగి దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. తర్వాత తనే పోలీసులకు ఫోన్ చేసి, నా తుపాకీ పొరపాటున సామాను లారీలో పోయింది, లైసెన్సుతో వస్తున్నాను అని చెప్పాడు. మసీదుకని వేసుకున్న చెప్పులతోనే కారెక్కాడు. పక్క సీట్లో నేను, పెళ్లిచూపుల్లో పిల్లలా తల దించుకుని.

బంకు దగ్గర పోలీసుల ముందే లారీలో సామాను దించారు. సంగతి తెలిసి గుల్ ఖాన్ నేల మీద కూలబడ్డాడు. నేను చేతులు పట్టుకుంటే విదిలించి, వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. అర్థం కాలేదు కానీ ప్రతి మాటా నాకు రావలసిందే.

చివరికి దుప్పటి విప్పారు. కుర్ర ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఈ ఎర్రదేమిటి? రక్తమా?"

"కుంకుమ సాబ్. ఈ రోజు మా పండగ. ఆయుధానికి దండం పెట్టి, ఎవరికీ హాని చేయొద్దని మొక్కుతాం."

"ఈ నిమ్మకాయ?"

"దిష్టి తగలకుండా సాబ్."

ఆయన తాళం తీయించి తుపాకీ ఖాళీగా ఉందని చూశాడు, నంబరు కాగితాలతో సరిపోల్చాడు, లైసెన్సు తిరిగిచ్చేశాడు. తర్వాత బాబా వైపు తిరిగి చాలా గంభీరంగా, "తుపాకీకి లైసెన్సు ఉంది. మరి నిమ్మకాయకు?" అన్నాడు.

బాబా నవ్వలేదు. పెట్టెను తనే మోసి కారు డిక్కీలో పెట్టాడు. రాస్ అల్ ఖైమా వైపు తనే కారు నడిపాడు. నమాజు వేళ దాటిపోయింది. ఆయన ఒకసారి గడియారం చూసుకున్నాడు. ఏడుపొచ్చింది నాకు.

"బాబా, నన్ను ఊరికి పంపిస్తారా?"

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"మల్లేష్, ఆ తుపాకీ మా నాన్న కాలం నుంచి ఒక్క మనిషిని కూడా గాయపరచలేదు. నీ ఖలాస్ మాత్రం ఇవాళ ముగ్గురిని చంపబోయింది. దాన్ని కూడా పెట్టెలో పెట్టి తాళం వెయ్. తాళంచెవి నాకివ్వు."

ఉద్యోగం ఉందన్న సంగతి నాకు దుబాయ్ దాటాక గానీ అర్థం కాలేదు.

కాబట్టి పాఠకులారా, నాగలి, కొడవలి, కత్తిపీటల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. కళ్లతో చూసుకోకుండా ఏ పనీ అయిపోయిందని ఈ నోటితో అనను. మొన్న మా ఆవిడ ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగింది.

"ఆగు," అన్నాను, "పళ్లెం చూసి చెప్త."