లాయరమ్మ కప్పుల సర్వే

ఆవిడ నల్లకోటు వేసింది లేదు, కోర్టు మెట్లెక్కింది లేదు. కుట్టుమిషన్ మీద బతికిన మనిషి. అయినా మా వీధికంతటికీ లాయరమ్మే. ఎవరినైనా ప్రశ్న అడిగితే దానికి జవాబు కూడా ఆవిడ దగ్గరే సిద్ధంగా ఉంటుంది మరి.

మోకాళ్లు మొరాయించి మిషన్ మూలకు చేరాక ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం ఆవిడకు బొత్తిగా చేతకాని పని. అలాంటప్పుడు వచ్చింది కప్పుల ఉద్యోగం. టీకొట్లవాళ్లంతా కాగితం కప్పులు మానేసి, కడిగి మళ్లీ వాడే కప్పులు ఇస్తారట. ఎక్కడైనా తాగి ఏ కొట్లోనైనా తిరిగి ఇచ్చేయవచ్చు. జనం తిరిగి ఇస్తారా లేదా అని ముందుగా తెలుసుకోవడానికి ఆ కప్పులు సరఫరా చేసే సంస్థవాళ్లకు వీధిలో అందరికీ తెలిసిన మనిషి కావలసివచ్చింది.

మెడలో కార్డు వేలాడేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. "తాగేసి బుద్ధిగా ఇచ్చేస్తావు కదా, మన వీధి పరువు మనం తీసుకుంటామా?" అంటుంటే కాదనే మొనగాడెవడు? మొహమాటానికి నేనూ తలూపాను. వీధి వీధంతా ఊపింది.

ఆ జవాబులు నమ్మి కొట్లలో కప్పులు పెట్టారు. కప్పులు వెళ్లాయి, తిరిగి రాలేదు. ఇలాగైతే ఈ నెలతో ఆపేస్తామన్నారు సంస్థవాళ్లు. ఆపేస్తే ఆవిడ మళ్లీ ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ రోజు ఆవిడ మొహం చూసి నాకు నిజంగా జాలేసింది. జనానికి మాట నిలకడ లేదని అందరినీ తిట్టుకుంటూ ఇంటికి వెళ్లింది.

తర్వాతి సంగతి ఆవిడే నాకు చెప్పింది. పంచదార డబ్బా కోసం అలమర తెరిస్తే, వెనకాల తళతళా కడిగి బోర్లించిన కప్పులు. కోడల్ని పిలిచి నిలదీసింది. ఎంగిలి కప్పు కొట్టతని చేతికి ఎలా ఇస్తాం, కడిగి ఇద్దామని ఇంటికి తెచ్చుకున్నానంది కోడలు. కడిగాక ఒక్క కప్పు కోసం పనిగట్టుకుని ఏం వెళ్తామని అక్కడే ఉంచేసిందట. అటూ ఇటూ ఇళ్లలోనూ అదే వరస.

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు అత్తయ్యా. మీరే చెప్పారు. నేను సరేనన్నాను."

మర్నాడు ఆఫీసుకు వెళ్లి, ఇంతవరకూ రాసుకొచ్చిన జవాబులన్నీ తనవేననీ, వీధివాళ్లవి కావనీ ఒప్పేసుకుంది. ఇంకొక్కసారి తిరగనివ్వమని బతిమాలుకుంది. ఈసారి కప్పు ఇవ్వడానికి ఏం అడ్డొస్తోందని మాత్రం అడిగి నోరు మూసుకుంది. మా గుమ్మంలో ఆ నోరు మూసుకోవడానికి ఆవిడ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. కానీ జనం చెప్పారు. ఎవరి చేతికీ ఇవ్వకుండా ఎవరికి వాళ్లే వేసిపోయేలా కొట్ల బయట పెట్టెలు పెట్టించింది. కప్పులు రావడం మొదలైంది, ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి కోడల్ని అడిగిందట.

"కప్పుల సంగతి సరే. ఈ ఇంట్లో నేను అడక్కుండా చెప్పేసినవి ఇంకేమైనా ఉన్నాయా?"

అడిగి ఊరుకుంది. కోడలు పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.