మూడు పిలుపుల రాజనర్సయ్య

సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు గోడల మీద చోటు చాలక కరెంటు స్తంభాలెక్కిన రోజుల్లో, అమీర్‌పేటలో ఓ సందు మొదట్లో ఉన్న ఇరానీ హోటల్లో పొద్దున ఏడున్నరకి ఇంకో క్లాసు నడిచేది. దానికి బోర్డూ లేదు, ఫీజూ లేదు. ఆ రోజు పేపర్లో వచ్చిన కోర్టు వార్తలే సిలబస్. చెప్పేవాడు రాజనర్సయ్య.

మనిషి అయిదడుగులకి రెండు వేళ్లు తక్కువ. గొంతు వింటే మాత్రం పిట్ట కొంచెం కూత ఘనం. సిటీ సివిల్ కోర్టులో ముప్పై నాలుగేళ్లు బంట్రోతుగా చేసి రిటైరయ్యాడు. కేసు వంతు రాగానే వరండాలోకొచ్చి కక్షిదారుల పేర్లు మూడుసార్లు పిలవడం ఆయన పని. మూడో పిలుపుకీ ఎవరూ పలక్కపోతే లోపలికెళ్లి "ఎవలూ లేరు సార్" అనాలి. ఆ ఒక్క మాటతో ఎన్ని కేసులు మట్టికొట్టుకుపోయాయో చూసినవాడు గనక, మూడో పిలుపు ముందు ఊపిరి తీసుకునే మిషతో మెట్ల వైపు ఓసారి చూసి మరీ పిలిచేవాడు. ఆ కాసేపట్లో పరిగెత్తుకొచ్చి బతికిపోయినవాళ్లు ఎందరో. దానికి ఆయన గర్వపడేవాడు. పడాలి కూడా.

అన్నేళ్లు తలుపు పక్కన నిలబడి విన్నవాడికి చట్టం అబ్బకుండా ఎక్కడికి పోతుంది? అయినా తెలియనిది తెలుసని ఒక్కనాడూ అనలేదు. ఎవరైనా పేపర్లో హెడ్డింగు చూసి "గీ కేసు ఖతమైనట్టేనా కాకా?" అంటే, "ఆర్డర్ కాపీ ఉన్నదా? లేకుంటే చాయ్ తాగు" అనేవాడు. ఒక్క మెతుకు పట్టుకుని ఉడికిందనడానికి తీర్పేమన్నా అన్నం కుండా అని ఆయన వాదన. కుర్రకారు "వకీల్ సాబ్" అని ఆటపట్టిస్తే, "బంట్రోతునే బిడ్డా! గది తక్వనా?" అని మీసం సవరించుకునేవాడు.

ఆ సందులో ఇరవై రెండు జిరాక్స్ దుకాణాలున్నాయి. జావా, ఒరాకిల్ నోట్సులు కట్టలు కట్టి అమ్ముతాయి. అవన్నీ ఒకే బిల్డింగులో కిరాయికున్నవి. బిల్డింగు చేతులు మారింది. కొత్త ఓనరు దాన్ని పడగొట్టి ఏడంతస్తులు లేపుతానన్నాడు. పద్ధతి ప్రకారం తప్ప తమను కదిలించకూడదని దుకాణాలవాళ్లు కోర్టుకెళ్లారు. వాళ్లకి పెద్ద సాయిలు. ఇరవై ఏళ్లుగా అదే గదిలో మిషను తిప్పి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్నవాడు.

ఓ పొద్దున సాయిలు పేపరు పట్టుకుని హోటల్లోకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కొట్టేసిండ్రు కాకా. నిన్న సాయంత్రం టీవీల సుత చెప్పిండ్రు."

టీవీలో చెప్పింది లాయరు హనుమత్‌ప్రసాద్. పంజాగుట్టలో పెద్ద ఆఫీసు, అంతకంటే పెద్ద పేరు. "కేసు కొట్టేశాక ఇంకేముందండీ? ఖాళీ చేయాల్సిందే" అని ఒక్క ముక్కలో తేల్చేశాడట. ఓనరు మనిషి అప్పుడే ఓ కాగితం కూడా తెచ్చాడు, మా ఇష్టంతోనే ఖాళీ చేస్తున్నామని. సాయంత్రం నాలుగింటికి సంతకాలకొస్తాడు. సగం మంది సరేనన్నారు.

రాజనర్సయ్య ఆ నాలుగు వరుసల వార్త రెండుసార్లు చదివాడు. ఎవరు ఏం వాదించారో, జడ్జి ఏమన్నాడో అందులో ఒక్క ముక్క లేదు.

"వాయిదా నాడు పోయిండ్రా?"

"దుకాణాలు బంద్ వెట్టి ఇరవై రెండు మందిమి పోయినం."

"మరి పిలిస్తే పలికిండ్రా?"

"మమ్ముల పిలిస్తే గద! సాయిలు అని ఎవలూ పిలువలే. ఏదో విద్యా సామగ్రి సంక్షేమ సంఘమని మూడుసార్లు పిలిచిండ్రు. పాపం, గా సంఘపోళ్లు ఎవలో రాలేదనుకున్నం."

రాజనర్సయ్య చాయ్ కప్పు కింద పెట్టేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "గా సంఘం మీరేరా, సాయిలూ!"

నిజమే. సందులో అందరూ యూనియన్ అంటారు. రిజిస్టరు చేయించినప్పుడు ఎవడో పెట్టిన ఆ బారెడు పేరు ఎవరికీ గుర్తు లేదు. లాయరు కేసు వేసింది ఆ పేరు మీదే. తమ పేరే పిలుస్తుంటే, తమ మీద తామే జాలిపడి కూర్చున్నారు మహానుభావులు. వాళ్ల లాయరు ఆ సమయానికి ఇంకో హాల్లో వాదిస్తున్నాడు.

"అయితే మీరు ఓడిపోలే. పలకలేదని కొట్టేసి ఉంటరు. ముప్పై దినాలల్ల అర్జీ పెడితే మళ్ల తెరుస్తరు. కానీ గా కాయితం మీద సంతకం పెడితే, తెరిచినా ఫాయిదా లేదు."

సాయిలు నేల చూపులు చూశాడు. "టీవీల గంత పెద్ద వకీలు చెప్పె. నువ్వేమో..."

మిగతా మాట మింగేశాడు. అది ఏ మాటో రాజనర్సయ్యకి తెలుసు. మనసు చివుక్కుమంది. కానీ కోపం రాలేదు, ఎందుకంటే తన చేతిలోనూ కాపీ లేదు. పదిమందికి చెప్పే నీతి తనకి మాత్రం వర్తించదా?

"నా మాట నమ్మకు. ఆర్డర్ జూద్దాం, నడువు" అని లేచాడు.

సంఘం లాయర్ని వెంటబెట్టుకుని కోర్టుకెళ్లారు. ఫైలు తీయించేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంగ్లీషులో రెండే వరుసలు. వాదిని పిలిచాం, హాజరు కాలేదు, గైర్హాజరీ కింద కొట్టివేస్తున్నాం. అంతే. సాయిలు లాయరు చేత దాన్ని తెలుగులో రెండుసార్లు చెప్పించుకున్నాడు. నాలుగింటికి ఓనరు మనిషి వస్తే ఇరవై రెండు షట్టర్లూ తెరిచే ఉన్నాయి, ఒక్క సంతకమూ పడలేదు.

ఆ వారంలోనే అర్జీ పడింది. విచారణకి ముందు మూడు రోజులు రాజనర్సయ్య సందులో ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తూ సంఘం పేరు కేకేసేవాడు. మిషన్ల మోతలోంచి "ఉన్నం!" అని జవాబు రావాలి. రాకపోతే మళ్లీ మొదటి నుంచి. నోట్సులు కొనడానికొచ్చిన పిల్లలు ఇదేదో కొత్త కోర్సనుకున్నారు.

కోర్టులో కొత్త బంట్రోతు వరండాలోకొచ్చి పేరు చదివాడో లేదో, ఇరవై రెండు గొంతులు ఒక్కసారి "ఉన్నం!" అన్నాయి. కుర్రాడు ఉలిక్కిపడి చేతిలో కాగితం జారవిడిచాడు. రెండో పిలుపు అక్కర్లేకపోయింది. వెనక బెంచీలో రాజనర్సయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎవలూ లేరు సార్" అని ఎన్ని వందల సార్లు అన్నాడో ఆ నోటితో!

జడ్జి ఇరుపక్షాల వాదనలూ విని కేసు మళ్లీ తెరిచాడు. బయటికొస్తూనే దుకాణాలవాళ్లు గెలిచినం, గెలిచినం అని ఎగురుతుంటే, "గెల్వలే. పలికినం, గంతే. అసలు కొట్లాట ముంగటున్నది" అని కసిరాడు రాజనర్సయ్య.

ఈ సందడికి ఓ టీవీ విలేకరి మైకుతో వచ్చాడు. తెల్ల చొక్కాలో దర్జాగా నిలబడ్డ పెద్దాయన్ని చూసి, "ఈయన మీ లాయరుగారా?" అని సాయిలునడిగాడు.

ఆ రోజు హోటల్లో మింగేసిన మాటని సాయిలు ఇప్పుడు వరండా అంతా మోగేలా అన్నాడు.

"గాదు సార్. మా బంట్రోతు!"