కోరస్ ఆపించిన నిరోషా టీచరు

నిరోషా మీద నాకు మొదటి వారంలోనే ఒళ్లు మండింది. దాచుకోవడం ఎందుకు? తాండూరు నుంచి పెద్దేముల్ పోయే దారిలో ఉన్న మా మిషన్ ప్రైమరీ బడిలో ఇరవై ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పింది నేను. నేనొక వాక్యం అనేదాన్ని, పిల్లలంతా గొంతు కలిపి అనేవాళ్లు. పాఠం నోటికొచ్చేదాకా అదే కోరస్. ఇంగ్లీషు వాక్యాలు చూడకుండా అప్పజెప్పే కంఠత వాక్యాల పోటీ వికారాబాద్‌లో ఏటా జరుగుతుంది, అందులో తొమ్మిదిసార్లు షీల్డు మా బడిదే. రాహేలమ్మ టీచరంటే అంత పేరు! అలాంటిది, మోకాళ్ల నొప్పులున్నాయని నన్ను ఒకటో తరగతికి పంపి, పై తరగతుల ఇంగ్లీషు తీసుకెళ్లి ఇరవై ఏడేళ్ల పిల్ల చేతిలో పెట్టారు.

ఆమెది పెద్దేముల్. తల్లి హన్మమ్మ కంది చేలల్లో కూలికి పోయి చదివించింది. భర్త డేవిడ్ కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీకి పోతాడు. డిగ్రీ దాకా గైడ్లు బట్టీ పట్టి మంచి మార్కులే తెచ్చుకుంది. తీరా హైదరాబాదులో మొదటి ఉద్యోగానికి పోతే, ఒక ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి చదవమన్నారట. నోరు పెగల్లేదట. తిరిగొచ్చి రెండేళ్లపాటు బస్సు కిటికీలోంచి కనిపించిన ప్రతి బోర్డూ, కొట్లో కట్టిచ్చిన ప్రతి కాగితమూ కూడబలుక్కుని చదివి, తనకు తానే నేర్చుకుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు కనిపించింది ఆమె పొగరొక్కటే.

నాలుగో తరగతిలో మల్లీశ్వరి అని గొర్రెల బీరప్ప కూతురు. పోయినేడు షీల్డు తెచ్చింది ఆ పిల్లే. జూలైలో ఒకరోజు నిరోషా ఆ పిల్లను లేపి చదవమంది. మల్లీశ్వరి రైలు పాఠం గడగడా అప్పజెబుతోంది. నిరోషా మెల్లగా పేజీ తిప్పింది. పేజీ మీద ఆవు బొమ్మ ఉంది. పిల్ల నోట్లో మాత్రం రైలు ఆగలేదు! గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నాకు తల కొట్టేసినట్టయింది.

"అక్కా, పిల్ల చదువుతలేదు. మీరు నేర్పింది అప్పజెప్తున్నది" అంది నిరోషా, బయటికొచ్చి.

"దానికి తొంభై మార్కులొస్తయి. నీకేం తక్కువైంది?"

"నాకు గూడ గట్లనే వచ్చినయక్కా, మార్కులు."

ఆ మరునాడే కోరస్ బంద్. తాండూరు పాలిష్ మిల్లుల వెనక పారేసిన నాపరాయి ముక్కలు ఆటోలో తెప్పించి, పిల్లకొకటి ఇచ్చింది. దాని మీద సుద్దతో ఒక మాట రాయాలి, పక్కవాడు చదవాలి, తుడవాలి, మళ్లీ రాయాలి. పొద్దున్నే ఒక్కొక్కరూ లేచి ఇంటి సంగతి ఒకటి ఇంగ్లీషులో చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. మొదట్లో పిల్లలు నోళ్లు తెరిస్తే ఒట్టు. రోడ్డు దాకా వినిపించే మా బడి చప్పుడే లేకుండా పోయింది.

దసరా సెలవుల ముందు బీరప్ప గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"టీచరమ్మా, గిదేం చదువు? నిరుడు నా బిడ్డ పేజీలకు పేజీలు చెప్తుండె. గిప్పుడు మై గోట్ అంటది, ఆగుతది, ఆలోచన జేస్తది. మస్తు పరేషాన్ అయితున్నం."

ఆ మాటకు నా కడుపు చల్లబడింది. అయ్యో పాపం అనాల్సిందాన్ని, ఏమన్నానో తెలుసా? "టీసీకి దరఖాస్తు పెట్టు బీరప్పా. జిరాక్స్ దుకాణంల ఇంగ్లీషుల టైపు కొట్టియ్యి, అప్పుడు గాని సార్లు వినరు" అన్నాను. ఆ మాట ఆయనతో ఆగలేదు. పదకొండు కుటుంబాలు పిల్లల్ని తీసుకుపోతామని కూర్చున్నాయి.

మా కరస్పాండెంట్ అనంతయ్య సారు నిరోషాను పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను.

"డిసెంబరు మీటింగుల తల్లిదండ్రుల ముంగట పిల్లలతోని చదివిచ్చి చూపియ్యి. వాళ్లు ఒప్పుకోకుంటే జనవరి నుంచి రావద్దమ్మా. నేనేం చెయ్యలేను."

నిరోషా వెంటనే ఒప్పుకుంది. "సరే సార్. కాని బడి పుస్తకం వద్దు. ఇంట్ల ఏ ఇంగ్లీషు కాయితం ఉంటే అది తల్లిదండ్రులనే తెమ్మనుండ్రి."

తన గొయ్యి తానే తవ్వుకుందని లోపల నవ్వుకున్నాను.

మీటింగు రోజు హాలు నిండిపోయింది. ఒకరు గ్యాసు పుస్తకం, ఒకరు బోరు మోటారు కాగితం, ఒకరు మందుల చీటీ తెచ్చారు. పిల్లలు చదివారు. అబద్ధం ఆడను, చదివారు. కానీ తడుముకుంటూ, ఆగుతూ చదివారు. గడగడా విని అలవాటైన తల్లిదండ్రులు మొహాలు చూసుకున్నారు. బోరు మోటారు కాగితం తెచ్చిన యాదగిరి కొడుకు ఒక మాట దగ్గర ఇరుక్కుని ఏడుపు మొహం పెట్టాడు. వెనక నుంచి ఎవరో "గింతేనా?" అన్నారు. నిరోషా చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ వేళ్లు చూస్తే మొదటిసారి నాకు గుండె కలుక్కుమంది.

అప్పుడు బీరప్ప లేచాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "నా తాన గిదొక్కటే ఉంది ఇంగ్లీషుల. సారుకిద్దామని తెచ్చిన. ముందుగాల నా బిడ్డను చదువుమనుండ్రి, చూస్త."

అదే దరఖాస్తు. నేను టైపు కొట్టించమన్నదే.

మల్లీశ్వరి కాగితం విప్పి, మొదటి మాట కింద వేలు పెట్టింది. చదవడం మొదలుపెట్టింది. టీసీకి పూర్తి పేరు పెద్ద మాట, అక్కడ ఆగింది. ముక్కలు చేసి పలికింది, కలిపి పలికింది, ముందుకు పోయింది. నిరోషా ఒక్క అక్షరం అందించలేదు. అట్లాగే చివరిదాకా చదివేసింది.

"అర్థం చెప్పు" అన్నారు అనంతయ్య సారు.

"అయ్యా, నా బిడ్డ మల్లీశ్వరి నాలుగో తరగతి. ఆమెకు ఇంగ్లీషుల ఒక్క ముక్క చదువరాదు. అందుకని టీసీ ఇయ్యుండ్రి..." పిల్ల ఆగి తండ్రి వైపు చూసింది. "నాయినా, గిది నా గురించా?"

హాలంతా ఘొల్లున నవ్వింది. బీరప్ప తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "సారూ, గీ కాయితం అబద్ధం చెప్తున్నది" అన్నాడు.

మల్లీశ్వరికి మాత్రం నవ్వు రాలేదు. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. అనంతయ్య సారు వైపు తిరిగి, "సార్, ఐ కెన్ రీడ్. ఐ విల్ స్టే హియర్" అంది. ఆ మాటలు ఎవరూ నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ లేవు. ఆ పిల్ల సొంతం.

ఇక నేను కూర్చోలేకపోయాను. లేచి, ఆ దరఖాస్తు పెట్టించింది నేనేనని అందరి ముందూ చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను, చెబుతున్నా. నిరోషా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మాటలన్నీ పిల్లల నోట్ల మీరు పెట్టినయే అక్కా. నేను వాటి అక్షరాలు చూపిచ్చిన. లేకుంటే ఆర్నెల్లల్ల వచ్చేదా?"

బీరప్ప కాగితాన్ని తిరగేసి కూతురి ముందు పెట్టాడు. "ఎనక రాయి బిడ్డా. ఇంగ్లీషులనే. గిసారి నిజం రాయి."

పిల్ల రాసింది. ఆయన చదివించుకుని, తెలుగులో అర్థం చెప్పించుకుని విన్నాడు: నా కూతురు ఈ బడిలోనే ఉంటుంది, మా టీచరు కూడా ఉండాలి. కింద తెలుగులో తన పేరు కూడబలుక్కుని రాసి, సారు చేతిలో పెట్టాడు. పిల్లల్ని తీసుకుపోతామన్న మిగతా పది కుటుంబాల వాళ్లు కూడా లేచొచ్చి, దాని కిందే సంతకాలు పెట్టారు.