కాకి రావాలంటే

ఎక్స్ఛేంజ్ కింద ఒక సెమిస్టర్ చదవడానికి జర్మనీ వెళ్లాను. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే నకరికల్లులో తాతయ్య పోయాడు. పెద్దకర్మ రోజు హాస్టల్ గదిలో తలుపేసుకుని వీడియో కాల్‌లో చూస్తూ కూర్చున్నాను.

మేడ మీద పిట్టగోడపై ఆకులో పిండం పెట్టారు. కాకి ముడితే తాతయ్య తృప్తిగా వెళ్లినట్టు. నాకు బాగా కనపడాలని బాబాయి ఫోన్‌ను ఆకు పక్కనే నిలబెట్టాడు. కాకులు దగ్గరదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి.

"నువ్వు రాలేదని అలిగినట్టున్నాడురా మీ తాత," అంది మేనత్త.

"విమానాల్లేకపోతే ఈదుకుంటా రమ్మంటావా అత్తా?" అని అరిచాను. ఫోన్లోంచి నా గొంతు వినపడగానే గోడ మీద వాలిన కాకి కూడా లేచిపోయింది.

అప్పుడు బాబాయికి అర్థమైంది. "ఒరేయ్, ఇయ్యి ఫోన్‌కి బెదురుతున్నాయిరా. ఏం చేద్దాం?"

ఎండలో అందరూ నిలబడి ఉన్నారు. ఆకులో తాతయ్యకిష్టమైన గారెలు ఆరిపోతున్నాయి.

"తీసెయ్ బాబాయ్," అని నేనే కాల్ కట్ చేశాను.

ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మెసేజ్ వచ్చింది. "ముట్టిందిరా. ముందు గారే తిన్నది."

ఆ ఒక్కటీ చూద్దామనే పొద్దున్నించీ కూర్చున్నాను.